ఆకు తీసిన చుట్టం

ఒక గుండు మనిషికి అన్నం పెట్టినందుకు పుష్పవల్లి ఏడాది పొడుగునా తన ఇంట్లోనే దొంగగా బతికింది. ఎవరూ ఆమెను కొట్టలేదు. గట్టిగా తిట్టలేదు కూడా. సరుకులుండే ఉగ్రాణం తాళంచెవి ఆమె కొంగుముడిలోంచి అత్త రంగనాయకమ్మ నడుముకు మారింది, అంతే. పొద్దున బియ్యం కొలిచి ఇస్తారు. రాత్రి చింతపండు మిగిలిందెంతో చూస్తారు. పుట్టిల్లు పాండూరు నుంచి ఎవరైనా వస్తే, వాళ్ళు పోయేటప్పుడు మొహం వైపు కాక సంచి వైపు చూస్తారు. ఆమె ఒక్క మాట అనలేదు. ఇప్పుడు ఆ ఏడాది కథ చెప్పుకుని ఆ ఇంట్లో అందరూ కడుపు పట్టుకుని నవ్వుతారు. ఆ నవ్వును కొంచెం అనుమానించాలి.

తిరుత్తణిలో సుబ్రమణ్యస్వామి కొండమెట్లకు పోయే వీధిలో వాళ్ళ ఇల్లు. మొగుడు చెంగల్వరాయుడికి స్టేషన్ దగ్గర ఇత్తడి పాత్రల కొట్టు. కొండ కింద ఇల్లుండడమే ఆ ఇంటి కష్టం. శోళవరంలో మొక్కుకున్నా, తిరువళ్ళూరులో బిడ్డకు చెవులు కుట్టించాలనుకున్నా, చుట్టాలు బస్సు దిగి నేరుగా ఆ తిన్నె మీద సంచి పెడతారు. స్నానం చేసి కొండెక్కుతారు. దిగి భోంచేస్తారు. ఒక కునుకు తీసి, కాఫీ తాగి, మళ్ళీ బస్సెక్కుతారు. మీ ఇల్లుండగా హోటలుకు పోతామా అని ఎంతో ప్రేమగా అంటారు. ప్రేమ వాళ్ళది, రుబ్బురోలు ఈమెది.

ఈమెకూ ఒక మొక్కు ఉంది. కూతురు కాంచనకు పసితనంలో పచ్చకామెర్లు వచ్చి ఒళ్ళంతా పసుపు ముద్దయినప్పుడు, పిల్ల బతికితే నేనే ఎత్తుకుని కొండెక్కి తల వెంట్రుకలు ఇప్పిస్తానని సుబ్రమణ్యస్వామికి మొక్కింది. పిల్ల బతికింది. మొక్కు జుట్టుకు కత్తెర తాకకూడదు. అది పెరిగి, చిక్కుపడి, పేలు పట్టి, ఎండాకాలం పిల్ల నిద్రలో తల గీరుకుని ఏడ్చేది. వంటింటి కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. ప్రతి నెలా స్వామికి ఇష్టమైన కృత్తిక నక్షత్రం వస్తుంది. ప్రతి కృత్తికకూ ఒక బస్సు నిండా చుట్టాలూ వస్తారు. కింద వండేవాళ్ళు పైకి ఎక్కేదెప్పుడు?

ఎనభై ఒకటో సంవత్సరం ఆడినెలలో వచ్చే పెద్ద పండగ, ఆడికృత్తిక నాడు తెల్లవారుతూనే శోళవరం నాగలింగం దిగాడు. రంగనాయకమ్మ మొగుడికి దూరపు తమ్ముడు. ఒత్తయిన క్రాపు, మీసం. పొయ్యి ముందు వంగి ఉన్న పుష్పవల్లి ఆయన్ను సరిగా చూడనే లేదు. ఆయన సంచి పెట్టి కొండకు పోయాడు.

మధ్యాహ్నం గుండుకు గంధం పూసుకున్న మనిషొకడు తిన్నె ముందు నిలబడి మంచినీళ్ళడిగాడు. రా మామా, కాళ్ళు కడుక్కో అంది పుష్పవల్లి. రంగనాయకమ్మకు రెండు కళ్ళలోనూ పొర. దర్శనం బాగా అయిందా నాగలింగం అని ఆమె కూడా పలకరించింది. బాగా అయిందన్నాడు ఆ మనిషి. ఆకు వేశారు. సాంబారు, పొరియల్ కూర, వడ, పాయసం. మాట్లాడకుండా తిన్నాడు. తిన్నాక తన ఆకు తనే మడిచి, పెరట్లోకి తీసుకుపోయి దిబ్బలో వేసి, కూర్చున్న చోట నీళ్ళు చల్లి తుడిచి, దండం పెట్టి పోయాడు.

కాసేపటికి నాగలింగం వచ్చాడు. నున్నటి గుండు, నిండా గంధం, ఆకలి. వడలు అయిపోయాయి. పాయసం గిన్నె కడిగేశారు. ఆయనకు మజ్జిగన్నం పెట్టారు.

మరి ముందు తిన్నదెవరు? రంగనాయకమ్మ ఆ పూటే తేల్చేసింది. పాండూరోడు. బావిలో నీళ్ళు అడుగంటి కోడలి పుట్టింటివాళ్ళు ఆ ఏడాది ఇబ్బందుల్లో ఉన్నారు. కోడలు దొంగచాటున తినిపించింది.

"ముక్కూ మొగం తెలీనోణ్ణి ఎవురైనా మామా అని పిలస్తారా? నాకు కండ్లు పోయినాయి గానీ చెవులు పోలేదు," అంది.

ఆ ఊళ్ళో బస్సు కండక్టరును కూడా మామా అనే పిలుస్తారు. ఆ మాట చెప్పవలసిన మొగుడు, అమ్మ మాట తీసెయ్యలేను, నీ మాట నమ్మకా ఉండలేను అని చెప్పి, ఆ రెండు పనులూ చెయ్యకుండా కొట్టుకు పోయాడు. చెడ్డవాడు కాదు. ఇలాంటి మంచివాళ్ళ వల్లే చాలా ఇళ్ళల్లో అన్యాయం చప్పుడు లేకుండా నడుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ కొండ మొక్కు మీద పడింది. కోడలు కొండెక్కితే అక్కడ పాండూరువాళ్ళు కాచుకుని ఉంటారని, బియ్యం మూట చేతులు మారుతుందని అత్త నమ్మకం. అందుకని కొండ వద్దు. పిల్ల జుట్టు ఇంకా పెరిగింది.

ఆ తర్వాత రంగనాయకమ్మ మంచం వాకిట్లోకి వచ్చింది. గుండుతో ఎవరొచ్చినా పరీక్ష. నాయన పేరు, అవ్వ పుట్టిన ఊరు, ఎవరి పెండ్లిలో ఎక్కడ కూర్చున్నారో చెప్పాలి. తిరువళ్ళూరు నుంచి వచ్చిన చుట్టం, బడిపంతులు జగన్నాథన్ వాళ్ళవ్వ పేరు తప్పు చెప్పి, వెనకాల నడిచి వస్తున్న పెళ్ళాం వచ్చి సాక్ష్యం చెప్పేదాకా ఎండలో నిలబడ్డాడు. లోపల పుష్పవల్లి వండిందల్లా చల్లారిపోయేది. మళ్ళీ వేడి చెయ్యాలి. వేడి చేస్తే, కట్టెలు ఎందుకింత ఖర్చయినాయని ఇంకొక అనుమానం.

ఒకసారి బెల్లం దిమ్మ కనిపించలేదు. పాండూరు పోయిందన్నారు. నెల తిరిగాక బియ్యం తొట్టిలో చీమల బారు కనబడితే తవ్వారు. అడుగున బెల్లం. దాచింది రంగనాయకమ్మే, మరిచిపోయిందీ ఆమే. చీమలు కూడా పాండూరు నుంచే వచ్చినాయేమో అని చెంగల్వరాయుడు నసిగాడు. ఏడాది మొత్తం మీద పెళ్ళాం తరఫున ఆయన ఆడిన మాట అదొక్కటే.

మళ్ళీ ఆడినెల దగ్గరపడింది. ఒక మిట్టమధ్యాహ్నం వాకిట్లో అడుగుల చప్పుడైంది. ఆర్.కె.పేటలో ఉండే సుందరరాజులు, రంగనాయకమ్మకు తోడబుట్టిన అన్న. పుట్టిన దగ్గర్నుంచి కొండకు జుట్టివ్వని మనిషి ఆ రోజు తల, మీసం రెండూ ఇచ్చి దిగాడు. కొండ మీద స్వామికి అరోహరా అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

"నేనే రంగమ్మా, సుందరరాజుల్ని."

"మా యన్నకు బుర్రమీసం. నువ్వెవురు?"

"కొండకిచ్చేసినా."

"అందురూ ఇదే చెప్తారు. మా నాయన పేరేందో చెప్పు."

"సొంత చెల్లెలికి నాయన పేరు చెప్పి లోపలికి రావల్నా నేను?"

"చెప్పలేవు గదా. పో."

పుష్పవల్లి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"అత్తా, ఆర్.కె.పేట పెద్దనాయనే."

"నీకెట్ట తెలుసు? నీవోడే గాబట్టి తెలుసు," అని రంగనాయకమ్మ లోపలికొచ్చి గడియ పెట్టేసింది.

సుందరరాజులు బస్టాండు పక్క హోటల్లో తిన్నాడు. ఆర్.కె.పేట చేరేలోపల బస్సులో ఉన్న చుట్టాలందరికీ చెప్పాడు. ఊరు చేరాక మిగిలినవాళ్ళకు చెప్పాడు. తోడబుట్టినవాణ్ణే తరిమిన గడప మనమేం తొక్కుతామని అందరూ ఒక్క మాట మీద నిలిచారు. ఆ కట్టుబాటు ఆ చుట్టాలు ఇంకే మంచి పనికైనా చూపించి ఉంటే బాగుండేది.

ఎనభై రెండు ఆడికృత్తిక వచ్చింది. వీధంతా కావళ్ళు, పసుపు బట్టలు. వీళ్ళ తిన్నె మీద ఒక్క సంచీ లేదు. రంగనాయకమ్మ మంచం మీద కూర్చుని పరీక్షకు ఎవరూ రాక దారివైపు చూస్తూ ఉంది. అరిటాకుల కట్ట విప్పకుండా మూలన పడి ఉంది.

పుష్పవల్లి పొయ్యిలో నీళ్ళు చల్లింది. పండగ నాడు పగలు ఆ పొయ్యి ఆరిపోవడం ఆమె కాపురానికొచ్చాక అదే మొదటిసారి. పిల్లకు స్నానం చేయించి, పసుపు గౌను తొడిగి, వాకిట్లోకి వచ్చింది.

"అత్తా, కొండకు పోతా ఉండా."

అది అడగడం కాదని రంగనాయకమ్మకు అర్థమైంది. చేతికర్ర తీసుకుంది. నేనూ వస్తానంది. తోడుకు కాదు, కాపలాకు.

సగం మెట్లకే ఆమెకు ఆయాసం వచ్చింది. పుష్పవల్లి ఒక చేత్తో పిల్లను ఎత్తుకుని, రెండో చేత్తో అత్తను పట్టుకుంది. అంత ఆయాసంలోనూ అత్త ప్రతి గుండునూ కండ్లు చికిలించి చూస్తూనే ఉంది. కొండ నిండా గుండ్లే. మెట్టు మీద కూర్చున్న ఒక మనిషిని ఆపి, పోయినేడు మా ఇంట్లో తిన్నది నువ్వేనా అని అడిగేసింది.

"పెడితే ఇప్పుడు గూడా తింటా పెద్దమ్మా," అన్నాడతను.

పైన మంగలి దగ్గర కాంచన తల్లి ఒడిలో కూర్చుని ఏడ్చింది. చిక్కుపడిన జుట్టంతా కింద పడింది. పుష్పవల్లి ఆ జుట్టు వైపు చూస్తూ కాసేపు లేవలేదు. పిల్ల తలకు గంధం పూసి దించింది. పిల్ల మిగతా పిల్లల్లో కలిసిపోయింది. రంగనాయకమ్మ గబుక్కున వంగి, నా బంగారు అంటూ ఒక గుండు పిల్లను ఎత్తుకుంది. ఆ పిల్ల కెవ్వుమంది. ఎవరి బిడ్డనో ఎత్తుకున్నావని పక్కనున్నవాళ్ళు లాక్కున్నారు. కాంచన తల్లి చీర పట్టుకుని అక్కడే ఉంది.

అత్త చేతులు ఖాళీగా ఉండిపోయాయి. అప్పుడు పుష్పవల్లి ఏడాదిగా ఆపుకున్న మాట అంది. కోపంగా అనలేదు.

"ఆ మనిషి మా పాండూరోడు గాదు అత్తా. తిన్నాక ఆకు ఆయనే తీసినాడు. మీవోళ్ళు తీయరు. మావోళ్ళూ తీయరు."

దిగేటప్పుడు కోడలి చెయ్యి రంగనాయకమ్మే వెతుక్కుని పట్టుకుంది. ఆ రాత్రి తాళంచెవి అత్త నడుముకే ఉంది. మరునాడు పొద్దున రుబ్బురోలు పక్కన కనిపించింది. ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు.

కోపాలు చల్లారాయి. మళ్ళీ నెల తిరక్కుండా చుట్టాలు ప్రేమతో, సంచులతో వచ్చేశారు. ఆ ఏడాది కథ ఇప్పుడు ఆ ఇంటి భోజనాల దగ్గర ఒక వేడుక. సుందరరాజులు బొంగురు గొంతు చేసి తన గడప ముచ్చట చెబుతాడు. జగన్నాథన్ ఎండ ముచ్చట చెబుతాడు. చెంగల్వరాయుడు చీమల మాట మరిచిపోకుండా చెబుతాడు. రంగనాయకమ్మ తనను చూసి తానే నవ్వుకుంటుంది, అది ఆమె మంచితనం. అయితే ఆకు సంగతి ఎవరి కథలోనూ రాదు. ఆ నవ్వులన్నీ అయ్యాక లేచి చేతులు కడుక్కుంటారు. ఆకులు వరసగా అక్కడే ఉంటాయి.

వచ్చే ఆడికృత్తికకు తిరుత్తణి బస్సెక్కేవాళ్ళకు ఒక మనవి. చుట్టాల ఇంటికి పోండి, తప్పు లేదు. పోతూ ఇంత పులిసోరు మూట కట్టుకుపోండి. కొండెక్కే ముందు వంటింట్లోకి తొంగిచూసి, నువ్వెక్కినావా అమ్మా అని అడగండి. ఎక్కలేదంటే, మీలో ఒకరు, మగవాళ్ళయినా సరే, ఆ పొయ్యి ముందు కూర్చుని ఆమెను పంపండి. తిన్నాక మీ ఆకు మీరే తీయండి. ఎవరీ మనిషి, మన చుట్టమేనా అని అనుమానంగా చూస్తారు. చూడనివ్వండి.