పిల్లలకి పెట్టుకోదగ్గ పచ్చడి

మా తోడికోడలికీ నాకూ మాటల్లేక ఏడాది దాటింది. కారణం పండుమిరపకాయ పచ్చడి. చుట్టాలందరి ముందు నా పచ్చడి ఒక ముద్ద కలుపుకుని, "బాగుందక్కా, పిల్లలకి పెట్టుకోవచ్చు" అంది. గుంటూరు జిల్లాలో పుట్టినదాన్ని ఆ మాట అనేకంటే చెంప మీద కొట్టడం నయం. నేనూ ఊరుకోలేదు. ఆవిడ పుట్టిల్లు ఒంగోలు వైపు. అక్కడివాళ్ళ నాలుకలు మొద్దుబారి ఉంటాయిలే అన్నాను. అంతే. గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు మావి. ఆవిడకి కరివేపాకు కావాలంటే వాళ్ళాయన వచ్చేవాడు. నాకు చింతపండు కావాలంటే మా ఆయన వెళ్ళేవారు.

కబుర్లు మోసి మోసి అన్నదమ్ములిద్దరికీ విసుగెత్తింది. అమరావతి దారిలో ఏదో ధ్యాన శిబిరం ఉందట, మనసు తేలికపడుతుందని చెప్పి మా ఆయన నన్ను కార్లో తీసుకెళ్ళి దింపేశారు. గేటు దగ్గర చూద్దును కదా, మా మరిది బండి మీంచి తోడికోడలు దిగుతోంది. పైగా ఇద్దరికీ ఒకటే గది.

అక్కడంతా మౌనం. ఫోన్లు తీసేసుకున్నారు. నోటితోనే కాదు, కళ్ళతో కూడా పలకరించుకోకూడదన్నారు. మిగతావాళ్ళు అల్లాడిపోయారు గానీ మాకేం బాధ లేదు. ఏడాది నుంచి ఇంట్లోనే సాధన చేసి వచ్చామాయె.

గురువుగారు రోజూ ఒకటే చెప్పేవారు. గడిచింది వదిలేయండి, రాబోయేది వదిలేయండి, ఈ క్షణంలో ఉండండి. ఈ క్షణంలో నాకు ఆకలిగా ఉండేది. సొరకాయ కూర, చప్పటి పెసరపప్పు, మజ్జిగ. కారమనేది ఒకటుందని ఆ వంటవాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు. బయటి తిండి తేకూడదన్న నియమం నాకు ముందే తెలుసు. అందుకే చీరల మడతల్లో దాచి చిన్న డబ్బాడు పండుమిరపకాయ పచ్చడి పట్టుకొచ్చాను. గదిలోకొచ్చి, తలుపు వేసుకుని, వేలితో నాకేదాన్ని.

ఒకరోజు మూత తీస్తే పచ్చడి తగ్గినట్టనిపించింది. పైన చెంచాతో నున్నగా సర్ది పెట్టాను. మర్నాడు చూస్తే మధ్యలో వేలి చాలు పడి ఉంది. నా వేలు అంత లావు కాదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇక ఊపిరి మీద ధ్యాసా లేదు, ఈ క్షణమూ లేదు. కళ్ళు మూసుకుంటే ఒకటే ప్రశ్న, ఎలా ఉందే అని. అడగడానికి లేదు. అడిగితే నియమం పోతుంది, దానికంటే ముందు నా పంతం పోతుంది.

ఆ మధ్యాహ్నం ధ్యానంలో తోడికోడలి ముక్కు ఎర్రబడింది, కళ్ళ వెంట ధారగా నీళ్ళు. గురువుగారు మెల్లగా ఆవిడ పక్కకొచ్చి, లోపలి బరువు దిగిపోతోందమ్మా, దిగనివ్వండి అన్నారు. నవ్వాపుకోలేక పైట నోట్లో కుక్కుకున్నాను.

ఇంకా ఇంటికెళ్ళే రోజు రాలేదు. అందరం కళ్ళు మూసుకుని కూర్చున్న వేళ కిటికీలోంచి చల్లగాలి, దాని వెనకే తడిమట్టి వాసన. ప్రహరీ అవతల ఎవరిదో కల్లం, ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వాన తగిలిందా, కాయ తెల్లబడి తాలైపోతుంది. మా వైపు మబ్బు చూసినవాళ్ళు అరవాలి. ఎవరి కల్లమని అడగరు, ఆ ఇంటితో మాటలున్నాయా లేవా అని చూసుకోరు. వాసనని గమనించండి, వదిలేయండి అంటున్నారు గురువుగారు. ఒక కన్ను తెరిచి చూశాను. హాల్లో అందరూ ఒక్కో కన్ను తెరిచే ఉన్నారు. నోరు మాత్రం ఎవరూ తెరవలేదు.

"అక్కా, వానొస్తోంది. లే, పట్టా కప్పాలి."

ఏడాది తర్వాత అక్కా అంది. నాకు కడుపు నిండిపోయింది. హాలు హాలంతా లేచి చెప్పుల్లేకుండా పరిగెత్తింది. ఒకే పట్టాకి ఆ కొస ఆవిడ పట్టుకుంది, ఈ కొస నేను పట్టుకున్నాను. నీ వైపు లాగు, రాయి పెట్టు అని ఇద్దరం గొంతు చించుకున్నాం. ఆ కాసేపూ నాకు పచ్చడి గొడవే గుర్తు రాలేదు. కాయలన్నీ కప్పేశాక తడిసి ముద్దై, ఘాటుకి దగ్గుతూ తుమ్ముతూ వచ్చి మళ్ళీ హాల్లో కూర్చున్నాం.

మౌనం ఎవరు తప్పారో చెప్పమన్నారు గురువుగారు. నేను చెయ్యెత్తి, నేనేనండి అన్నాను. ఇంటికి పంపిస్తే నన్నే పంపిస్తారని.

తోడికోడలు ఊరుకుంటుందా. "కాదండీ, ముందు మాట్లాడింది నేను. ఈవిడకి అన్నిట్లో తనే ముందుండాలి. డబ్బాలో పచ్చడి తిన్నది కూడా నేనే. పిల్లలకి పెట్టే పచ్చడి కాదండీ అది. చెవుల్లోంచి పొగలొచ్చాయి."

ఏం డబ్బా అన్నారు గురువుగారు. గుట్టంతా బయటపెట్టినందుకు నాకు కోపం రావాలి. రాలేదు సరికదా, సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. లేచి వెళ్ళి డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన మూత తీశారు. లోపల ఏమీ లేదు. అడుగు కూడా వేలితో తుడిచి తినేసింది.