దూది చెవులతో విన్న పాట

గొంతుని వదిలెయ్యడమే మా సంగీతంలో పెద్ద మలుపు అని మా బ్యాండు గిటారిస్టు ఒక పేపరు వాళ్లకి చెప్పాడు. ఆదివారం అనుబంధంలో వచ్చింది. పక్కన ముగ్గురు మగపిల్లల ఫోటో, వాళ్ల వెనక గోడకి గోనెసంచులు. పాపకి అన్నం కలుపుతూ చదివాను. వాళ్లు వదిలేసిన ఆ గొంతు నాది. వదిలెయ్యడానికి ఒప్పుకున్నది కూడా నేనే, రాతపూర్వకంగా. ఆ సంగతి పేపర్లో లేదు. మా ఆయనకి చెబితే "పాటే కదా, ఊరుకో" అన్నాడు. అందుకే పాప పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను.

విజయనగరం పక్కన ఇంజనీరింగ్ కాలేజీలో మేం ముగ్గురం ఒకే క్లాసు. గిటారు వాయించేవాడిది నెల్లిమర్ల, జూట్ మిల్లు కార్మికుడి కొడుకు. డ్రమ్ములు వాయించేవాడిది శ్రీకాకుళం, స్టీలు సామాన్ల కొట్టు వాళ్ల అబ్బాయి. నాది సముద్రం ఒడ్డున పల్లె. మా నాన్న వేటకి వెళ్తాడు, అమ్మ చేపలు అమ్ముతుంది. మొదటి ఏడాది కాలేజీ వార్షికోత్సవంలో మూడు సినిమా పాటలు పాడాం. ఈలలు వేశారు. రెండో ఏడాది గిటారిస్టు ఎక్కడినుంచో ఒక మెమరీ కార్డు తెచ్చాడు. అందులో అన్నీ ఇంగ్లీషు పాటలు, ఒక్కోటి పన్నెండు, పదిహేను నిమిషాలు. ఒకే పాటలో నాలుగైదు ఇళ్లు ఉన్నట్టుండేది. ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి తలుపు ఎప్పుడు తెరుచుకుందో తెలిసేది కాదు. దాన్ని ఆర్ట్ రాక్ అంటారని వాడే చెప్పాడు. మళ్లీ వార్షికోత్సవంలో అలాంటిదొకటి వాయిస్తే ఈల ఒక్కటీ పడలేదు. వాడి ముఖం మాత్రం వెలిగిపోయింది. "అర్థం కాలేదంటే మనం బాగా వాయించినట్టే" అన్నాడు.

చదువు అయ్యాక నెల్లిమర్లలో వాడి మేనమామ గోనెసంచుల గోడౌన్ మాకు ప్రాక్టీసు గది అయింది. శబ్దం బయటికి పోకుండా గోడల నిండా పాత సంచులు మేకులతో కొట్టాం. పీచు గొంతులో అంటుకునేది. పాడే ముందు వేడినీళ్లు పుక్కిలించేదాన్ని. వాడి నాన్న రిటైరై ఇంటి దగ్గరే ఉండేవాడు. మగ్గం ఎలా కొట్టుకుంటుందో తొడ మీద చరిచి చూపించాడు. డ్రమ్మర్ దాన్ని తీసుకుని, మధ్యలో ఒక దెబ్బ ఎగరగొట్టి, ఏడు దెబ్బల లెక్కలోకి మార్చాడు.

ఆయన విని నవ్వేశాడు. "ఒరే, మగ్గం అలగ కొట్టదురా. అలగ కొట్టిందంటే దారం తెగిపోద్ది."

"అదే కావాలి మావా, తెగాల," అన్నాడు డ్రమ్మర్.

మా సంగీతం అక్కడినుంచి మారింది. నేను రాసిన పాటలకి మొదట్లో పల్లవి, రెండు చరణాలు ఉండేవి. తర్వాత ఒక చరణం పోయింది. ఇంకో ఏడాదికి పల్లవిలో ఒక్క వాక్యం మిగిలింది. ప్రతిసారీ గిటారిస్టు అడిగేవాడు, "ఈ మాట లేకపోతే ఏటి పోద్ది?" అని. ఆలోచిస్తే నిజంగానే ఏమీ పోనట్టుండేది. ఔననేదాన్ని. ఇది మాత్రం దాచలేను. మాటలు తీసేస్తుంటే నేనూ మురిసిపోయాను, పెద్ద కళాకారిణినైపోయానని.

ఒకరోజు అలాగే మాటలన్నీ తీసేశాక, ఇక ఏం పాడాలో తెలీక, మా పల్లె సంగతి చెప్పాను. చలికాలం తెల్లవారుజామున మంచు పట్టేస్తే సముద్రంలో ఉన్నవాళ్లకి ఒడ్డు కనిపించదు. తెప్పలకి ఇంజన్లు లేని రోజుల్లో ఆడవాళ్లు ఒడ్డున నిలబడి పిలిచేవాళ్లు. మాటలుండవు. పైకి లేచి, చివర్లో కిందికి దిగే ఒక పొడుగు కేక. ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఎవరి గొంతు వాళ్ల ఇంటి తెప్పకి గుర్తు. మా అమ్మ కేక నాకు వచ్చు. గోడౌన్‌లో నిలబడి వేసి చూపించాను. డ్రమ్మర్ చేతిలో కర్ర అలాగే ఆగిపోయింది.

"ఇదేనే. ఇంకేటీ వద్దు, ఇదే," అన్నాడు గిటారిస్టు.

దాని చుట్టూ పద్నాలుగు నిమిషాల పాట కట్టడానికి ఏడాదిన్నర పట్టింది. మగ్గం దెబ్బతో మొదలవుతుంది, గిటారు మంచులా కమ్ముతుంది, తొమ్మిదో నిమిషంలో అన్నీ ఆగిపోయి నా కేక ఒక్కటే ఉంటుంది. ఈలోగా కీబోర్డు వాయించే అబ్బాయి ఒకడు కొత్తగా చేరాడు. నాకు పెళ్లయింది, శ్రీకాకుళం పక్కనే అరసవల్లి కాపురానికి వచ్చాను. ఆదివారాలు బస్సెక్కి నెల్లిమర్ల వెళ్లేదాన్ని. రికార్డింగు నాటికి నాకు ఎనిమిదో నెల. నిలబడలేక స్టూలు మీద కూర్చుని పాడాను. ఊపిరి నిలిచేది కాదు, కేక చివర్లో వణికేది. ఏడుసార్లు పాడించి, "పర్లేదులే, సర్దుతాం" అన్నాడు గిటారిస్టు. ఆ మాట నేను నమ్మాను.

పురిటికి మా పల్లె వెళ్లాను. పాప పుట్టిన మర్నాడే అమ్మ నా రెండు చెవుల్లో దూది కూరి, తలకి పాత తువ్వాలు బిగించి కట్టింది.

"పచ్చి బాలింతవి. గాలి దూరిందంటే రేపు సెముడొస్తాది. తీశావంటే సూడు."

ఇంజనీరింగ్ చదివినదాన్ని. చెవుల్లోంచి గాలి దూరి చెముడు రాదని నాకు తెలుసు. అయినా తీయలేదు. ఆ రోజుల్లో నాకు అన్నిటికీ భయమే. పాప తుమ్మితే భయం, తుమ్మకపోతే భయం. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. తెలిసినవాళ్లు ఏది చెబితే అది చేసేస్తే బిడ్డ దక్కుతుందన్నట్టు ఉండేది.

పదకొండో రోజు ఫోన్‌కి పాట వచ్చింది, కింద గిటారిస్టు మెసేజి: "రేపు ఫైనల్ చేసీసి పంపించేస్తన్నాం. ఇని ఒక్క మాట సెప్పు." ఇయర్‌ఫోన్లు పెట్టుకోడానికి చెవుల్లో చోటు లేదు. ఒళ్లో పాప నిద్రపోతోంది. సౌండు తగ్గించి, ఫోన్‌ని తువ్వాలు మీదే చెవికి ఆనించుకుని విన్నాను. మగ్గం దెబ్బ ఎక్కడో గోడ అవతల కొడుతున్నట్టు వినిపించింది. గిటారు వచ్చింది. తొమ్మిదో నిమిషంలో అన్నీ ఆగాయి. అప్పుడు నా కేక విన్నాను. సన్నగా, దూరంగా, కానీ విన్నాను. కళ్లనీళ్లు పెట్టుకున్నాను కూడా.

వెంటనే రాశాను: "చాలా బాగుంది. ఏమీ మార్చొద్దు."

నెల దాటాక అమ్మ దూది తీసింది. పాట అప్పటికే నెట్‌లో పెట్టేశారు. పాలిస్తూ, ఈసారి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. తొమ్మిదో నిమిషంలో అన్నీ ఆగాయి. కీబోర్డు మీద ఒక పొడుగు స్వరం లేచి, చివర్లో కిందికి దిగింది. వణకలేదు. ఊపిరి తీసుకోలేదు. నా గొంతు లేదు. వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. ఫోన్‌లో ఏదో లోపమనుకుని మా తమ్ముడి ఫోన్‌లో విన్నాను. ఎక్కడా లేదు. పదకొండో రోజున నేను విన్నది నా తలలో ఉన్న గొంతుని. పాట మొత్తం కంఠతా వచ్చినదాన్ని కదా, ఖాళీ ఉన్నచోట నేనే పూడ్చుకున్నాను.

గిటారిస్టుకి ఫోన్ చేశాను.

"నా కేకేది?"

"అదేటే, నువ్వే కదా బాగుందన్నావు?"

"చెవుల్లో దూది ఉందిరా అప్పుడు!"

నవ్వాడు. "దూది పెట్టుకుని మ్యూజిక్ ఇన్నావా? ఎవరికైనా సెప్పావంటే మన పరువు పోద్ది." ఫోన్ పెట్టేశాక నా మెసేజినే ఫోటో తీసి నాకు పంపాడు. ఏమీ మార్చొద్దు.

శ్రీకాకుళం వచ్చాక డ్రమ్మర్‌ని చూడ్డానికి వాళ్ల కొట్టుకి వెళ్లాను. గ్లాసులు తుడిచి వరసగా పెడుతున్నాడు.

"ఓలమ్మ, బాలింతవి, బజారుకొచ్చీసావేటి?"

"ఎవరు తీశారు నా గొంతుని?"

"అందరం." గ్లాసు కింద పెట్టాడు. "నిజం సెప్తన్నాను, ఇను. రేపు బెంగుళూరు రమ్మంటే నువ్వొస్తావా? సంటిపిల్లని ఏసుకుని? స్టేజీ మీద లేని మనిషి రికార్డులో ఉంటే ఊరూరా 'ఆ అమ్మాయేది' అని అడుగుతారు. ఏటి సెప్పాలి?"

"నన్నడగాలి కదా."

"అడిగాం కదే. అందుకే పంపాం ఇనమని."

వాడు అబద్ధమాడటం లేదు. ఒక్క ఫోన్ చేసి "నీ గొంతు తీసేశాం" అని చెప్పే ధైర్యం ముగ్గురికీ లేక, నేనే కనిపెట్టి అడుగుతానని పంపారు. అడగలేదు కాబట్టి ఒప్పుకున్నాననుకున్నారు. డ్రమ్మర్ నాన్న గల్లా దగ్గర్నుంచి "ఏటి కావాలమ్మా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలీక ఉగ్గుగిన్నె అన్నాను. కొనుక్కుని వచ్చేశాను. పాపకి ఇప్పటికీ దానితోనే పెడుతున్నాను.

ఆ పాటే వాళ్లని పైకి తీసుకెళ్లింది. బెంగుళూరు, హైదరాబాదు, ఎక్కడెక్కడో పెద్ద స్టేజీలు. మిల్లు మగ్గం చప్పుడుని సంగీతం చేశారని రాశారు. మనిషి గొంతు లేని ఆ తొమ్మిదో నిమిషం గురించి మరీ రాశారు. ఆ శూన్యంలో ఎంతో అర్థం ఉందట. ఎనిమిదో నెల ఆయాసం, ఒక మొహమాటం, ఒక బెత్తెడు దూది. నాకు తెలిసిన అర్థం ఇంతే.

పాపకి రెండేళ్లు నిండాక వాళ్లు శ్రీకాకుళంలో ఒక కాలేజీ మైదానంలో వాయించడానికి వచ్చారు. నన్ను ఎవరూ పిలవలేదు. చేపల గంప ఖాళీ చేసుకుని ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చిన అమ్మే బయల్దేరదీసింది. "నీ పాటంట కదే. సూద్దాం పద." గొంతు తీసేసిన సంగతి అప్పటికీ అమ్మకి చెప్పలేదు. పెద్ద స్పీకర్లుంటాయని పాప చెవుల్లో నేనే దూది పెట్టాను. గేటు దగ్గరే నిలబడ్డాం.

ఆ పాటలో తొమ్మిదో నిమిషం వచ్చింది. అన్నీ ఆగాయి. నేను రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకున్నాను. ఆ రోజు విన్నట్టు మళ్లీ వినిపిస్తుందేమోనని. ఏమీ వినిపించలేదు, కీబోర్డు తప్ప.

అమ్మ మెడ చాచి వింటోంది. "ఏటిది? మన కేకలాగుంది గానీ మనిషి లేదు. దీనికి ఏ తెప్పా రాదు." నా వైపు తిరిగింది. "నీ గొంతేదే?"

"తీసేశారు."

"నువ్వూరుకున్నావా?"

"బాగుందని నేనే చెప్పాను. పురిట్లో పంపారు పాట. చెవుల్లో దూది ఉంది. నాకు తెలీలేదు."

అమ్మ పాప చెవిలో దూదిని వేలితో ఇంకాస్త నొక్కింది. జనం చప్పట్లు కొడుతున్నారు. అప్పుడంది, "సెవులు దక్కాయి కదే."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో రెండు పక్కలనుంచీ గాలి కొడుతోంది. పాప నా భుజం మీద నిద్రపోతోంది. దాని చెవుల్లో దూది తీయబోయాను.

"ఉండనీవే, గాలి దూరతాది," అంది అమ్మ.

తీసేశాను. తీసేసి, అరసవల్లి మలుపు వచ్చేదాకా నా చేతులు రెండూ దాని చెవుల మీదే పెట్టి ఉంచాను.