మస్తానన్న చెప్పిన మూడు పక్కటెముకలు

మార్కాపురం నుంచి ఫోను వచ్చినప్పుడు నేను చేలో కందికట్టె ఏరుకుంటున్నాను. "అవ్వా, మస్తాన్ తాత పొద్దున పోయినాడంట" అంది మనవరాలు. "ఏ ఊరికి?" అని అడిగాను. ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని నా బుద్ధికి తోచలేదు. నెల కిందటే బస్టాండులో ఎదురై, "ఏం చెల్లె, ఆ చెప్పులు ఇంకెన్నిసార్లు కుట్టిస్తావు? వాటికి విశ్రాంతి ఇయ్యి" అని నవ్విన మనిషి. ఏరిన కట్టె అక్కడే వదిలి ఇంటికి వచ్చాను. అట్లా దేన్నీ వదిలి రావడం నేనెరగను.

మస్తానన్న జీవితమంతా పలకల కార్ఖానాలో రాయి కోశారు. అయినా అర్ధవీడు నుంచి వెలిగండ్ల దాకా ఆయన కీర్తి వేట జాగిలాల వల్ల వచ్చింది. ఆ జాతిని ఇప్పుడు అందరూ ముధోల్ అంటున్నారు. ఆయన మాత్రం కారవాన్ అనేవారు. మన తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లో, పడమటి నుంచి వచ్చిన వర్తకుల బిడారు వెంట నడిచిన ఒక ఆడకుక్కను వాళ్ళ తాత సంపాదించారట. ఆ సంతతిని మూడు తరాలవాళ్ళు కన్నబిడ్డల్లా కాపాడారు. తల ఎత్తితే నా నడుము అందుకునే ఎత్తు, లోతైన రొమ్ము, పిడికెడు నడుము, పొడుగు మూతి. వాసన పట్టడం కంటే కంటితో చూసి తరమడం దాని స్వభావం. "ఇది చూసిందంటే సగం దూరం పోయినట్టే" అనేవారు. కొత్తవాళ్ళు చేయి వేస్తే ఒప్పదు. కొట్టిన చేతిని మళ్ళీ నమ్మదు.

ఆయన ఒక్క పిల్లను కూడా అమ్మలేదు. ఇచ్చేవారు, అదీ పరీక్ష పెట్టి. మేకలకు తోడుంటుందని మా ఆయన అడగబోతే, "నీకు ఇయ్యను బావా. మీ ఇంట్లో కూడు పెట్టేది ఎవరు? ఆమెను పంపు" అన్నారు. బస్సు ఛార్జీ దండగని గొణుక్కుంటూ పోయాను. గడపలోనే నిలబెట్టారు.

"కూడు పెట్టేది నువ్వేనా?"

"నేనే."

"రోజూ?"

"నేను బతికున్నన్నాళ్ళు."

"అయితే తీసుకపో."

తెల్లటి మగపిల్ల. బలపం అని ఆయనే పేరు పెట్టారు. మూడో తరగతితో చదువు ఆగిపోయిన నాకు బలపం మళ్ళీ అట్లా చేతికొచ్చింది.

పక్కటెముకలు కనపడటం ఆ జాతి లక్షణం. పిసినారి అన్నది ఊళ్ళో నా పేరు. రెండూ ఒక ఇంట్లో చేరాయి. పక్కింటి సుబ్బమ్మ వీధిలో నిలబడి, "ఏంది వదినా, కుక్కను కూడా పస్తు పెడుతుండావా? దాని ఎముకలు మా వాకిట్లో నుంచే లెక్కపెట్టొచ్చు" అంది. నలుగురూ నవ్వారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. నెయ్యి, గుడ్లు, ముద్ద మీద ముద్ద సంగటి, నా బిడ్డలకు పెట్టనంత పెట్టాను. మూడు నెలల్లో బలపం రోకలి అయింది.

మస్తానన్న వచ్చి చూసి వాకిట్లోనే ఆగిపోయారు.

"ఏం చేసినావు చెల్లె? దీన్ని పెళ్ళికి తయారు చేసినావా?"

"ఊరోళ్ళు నవ్వినారన్నా."

"ఊరోళ్ళు దీని ఎంట పరిగెత్తుతారా?"

నేల మీద కూర్చుని, నా చేత దాని పక్క తడిమించారు. "వెనక మూడు ఎముకలు కనపడాల. నాలుగోది కనపడితే నువ్వు పెట్టలేదని. ఒక్కటీ కనపడకపోతే నువ్వు చూడలేదని." జన్మలో ఒక్కసారి చేయి విప్పి ఖర్చు పెడితే దక్కినవి ఆ చీవాట్లు. మజ్జిగలో కలిపిన జొన్న సంగటి, తిన్న వెంటనే పరుగు పెట్టించకపోవడం, చలికి గోనెపట్టా పడక, రోజంతా గొలుసు వేయకపోవడం, ఇవన్నీ ఆనాడే నేర్పారు. బలపం మళ్ళీ బలపమై, ముసలిదై పోయేదాకా వాటిని తప్పలేదు.

కుందేళ్ళ వేట చట్టానికి విరుద్ధమని తెలిసిననాటి నుంచి ఆయన వేట మానుకున్నారు. చాటుగా పిలిచినవాళ్ళతో, "మానింది వేట, పరుగు కాదు" అనేవారు. సైకిలు వెనక తాడుకు గుడ్డమూట కట్టి, కోసిన జొన్నచేలలో తొక్కేవారు. కుక్కలు దాన్ని తరిమేవి. గడ్డం నెరిసినా ఆ సైకిలు దిగలేదు.

ఆయన పోయిన మూడోనాడు మనవరాలిని వెంటబెట్టుకుని వాళ్ళింటికి పోయాను. ఆ సంతతిలో ఆయన ఇంట మిగిలింది ఒక్కటే, పలక రంగు ఆడకుక్క. దాని పేరూ పలకే. వాకిట్లో ఆయన కొడుకుతో కారులో వచ్చిన మనిషి ఒకాయన మాట్లాడుతున్నాడు. తన ఇంటి గేటు దగ్గర కట్టేయడానికి పలకను అడుగుతున్నాడు. "బక్కగా ఉంది, నెలలో లావు చేస్తాం లెండి" అన్నాడు.

"అది యాడికీ పోదు" అన్నాను.

"నాకు డ్యూటీ అత్తా, ఎవరు చూస్తారు?" అన్నాడు కొడుకు.

"నేను."

"ఈ వయసులోనా?"

"సంగటి కెలికే చేతికి వయసేందిరా?"

లోపలి నుంచి మస్తానన్న భార్య ఖాసింబీ వదిన గొంతు వినిపించింది. "వదినా, కూడు పెట్టేది నువ్వేనా?"

"నేనే."

"రోజూ?"

ఆనాటి జవాబు ఈనాడు చాలదు. నేనెన్నాళ్ళుంటాను? మనవరాలి వైపు చూశాను. "అవ్వ తర్వాత నేను పెడతా" అంది ఆ పిల్ల.

"అయితే తీసుకపోండి."

పలక ఇప్పుడు మా ఇంట ఉంది. ఆయన ఇచ్చిన కుక్కల సంతతిలో మగకుక్క ఎవరింట ఉన్నా నాకు కబురు చేయండి. ఈ వంశం నా కళ్ళ ముందు ఆగిపోవడానికి వీల్లేదు. పుట్టే పిల్లలను అమ్మను. కావాలన్నవాళ్ళు కూడు పెట్టే మనిషిని పంపాలి. ఆ మహానుభావునికి నేను అర్పించగల అంజలి ఇదే.

రోజూ పొద్దున పలక పక్కన కూర్చుని వెనక నుంచి లెక్కపెడుతున్నాను. మూడే ఉన్నాయి అన్నా. నాలుగోది కనపడితే చీవాట్లు పెట్టే మనిషి మాత్రం ఈ నేల మీద ఇక లేరు.