ఎనిమిదో చోటు, ఇన్యాస్ బాబాయి భయాలు

మా ఇన్యాస్ బాబాయికి భయం. దేనికని అడక్కండి, దేనికి కాదో చెప్పడం తేలిక. మఠం బడిలో సిస్టర్ హెర్మీన్ "దైవభీతి ఒక్కటుంటే చాలు" అనేది. బాబాయి ఆ ఒక్కటీ వదిలేసి మిగిలినవన్నీ పోగుచేసుకున్నాడు.

గుర్రాన్ని పందేనికి తీసుకెళ్ళే రోజు ఇంట్లో టీ తాగుతూనే లైఫ్ జాకెట్ తొడిగేవాడు. సముద్రం ఇంకా ఎక్కడో ఉండేది. ట్రక్కు ఎంత నెమ్మదిగా తోలేవాడంటే, ఒకసారి శవయాత్ర మమ్మల్ని దాటిపోయింది. పెట్టెలో ఉన్నాయన కూడా విసుక్కునే ఉంటాడు. మా బావి నీళ్ళు క్యాన్లలో మోసుకొచ్చేవాడు. అది మాత్రం పిచ్చి కాదు. ప్రయాణంలో అలిసిన గుర్రం కొత్తచోటి నీళ్ళు ముట్టదు, దాహంతోనే పరుగుపెట్టి ఓడిపోతుంది.

ఇక నిలబడే చోటు సంగతి. గుర్రానికి రెండు చక్రాల చిన్న బండి కట్టి తోలే పందేలు మావి. అంకెల గోలీలు డబ్బాలో గిలకరించి, ఎవరెక్కడ నిలబడాలో తేలుస్తారు. ఒకటి వస్తే లోపలి కంచె పక్కన హాయిగా పోవచ్చు. ఎనిమిది వస్తే అందరికన్నా బయట, ప్రతి మలుపులోనూ అదనపు దూరం.

ఆ ఆగస్టులో మా దీవి నుంచి ఓడలో సముద్రం దాటి, అవతల ట్రూరో ఊళ్ళో పందేనికి వెళ్ళాం. మిరాబెల్ అనే ఆడగుర్రాన్ని తోలవలసింది మా చెల్లెలు ఒడీల్. కిందటేడు ఎనిమిదో చోటు నుంచి కంచె వైపు దూసుకుపోబోయి, పక్క బండి చక్రం తగిలి పల్టీ కొట్టింది. విరిగిన భుజం అతుక్కుంది, ధైర్యం అతుక్కోలేదు. ఈసారి కూడా తోలకపోతే గుర్రాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తానని యజమాని చెప్పేశాడు. బయల్దేరే ముందే చోట్లు తేలాయి. ఏ గోలీ వచ్చిందో మీరు ఊహించే ఉంటారు.

"ఎనిమిదా! మేరీమాతా, చచ్చాం!" అన్నాడు బాబాయి.

ఓడలో అలలు లేస్తున్నాయి. ఒడీల్ పెదవులు పాలిపోయాయి. పొద్దుటి నుంచీ ఒక్క మాట లేదు. నేనూ ఓడ కమ్మీ వదల్లేదు.

"గుర్రం వాంతి చేసుకుంటే ఎలాగే పిల్లా?" అన్నాడు బాబాయి.

"గుర్రాలు వాంతి చేసుకోలేవు బాబాయ్!"

"అయ్యో పాపం! మరెలా దానికి?"

ఒడీల్ విసుక్కుంది. విసుక్కోవడానికైనా నోరు విప్పింది.

పందెం దగ్గర ఒడీల్ ఎన్నిసార్లు బిగించబోయినా హెల్మెట్ పట్టీ పడలేదు. బాబాయి బండి చక్రం పట్టుకుని వేలాడాడు.

"వెళ్ళొద్దే తల్లీ! కంచెకేసి దూకుతావు, నా గుండె ఆగిపోతుంది!"

"దూకను."

"మరేం చేస్తావ్? బయటే తిరిగి తిరిగి సముద్రంలోకి పోతావా?"

"అబ్బబ్బ! ముందు వెనక్కి తగ్గుతా. వాళ్ళు కొట్టుకుంటూ పోనీ. వాళ్ళ వెనకాలే కంచె పక్కకి చేరి, చివరి మలుపు దాటాక బయటికి తీస్తా."

"ఎవడైనా అడ్డొస్తే?"

"ఆగుతా! చక్రం వదులు బాబాయ్, జనం చూస్తున్నారు!"

అరుస్తూ అరుస్తూనే పట్టీ బిగించేసుకుంది.

మొదట అందరికన్నా వెనక ఉంది. చివరి మలుపులో రెండు బండ్లు దాని ముందుకి ఒరుసుకుంటూ వచ్చాయి. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఒడీల్ పగ్గాలు బిగబట్టి, సందు కోసం కాచుకుని ఉంది. సందు దొరికింది. మూడో స్థానం! యజమాని వచ్చి, "వచ్చే పందేనికీ నువ్వే," అన్నాడు.

బాబాయికి చెబుదామని చూస్తే, ఆయన కంచెకి ఆనుకుని తీరిగ్గా చేప వడ తింటున్నాడు.

"భయం తగ్గిందా బాబాయ్?"

"ఎవరిది?" అన్నాడు నములుతూ.

పందెం చూడ్డానికి వచ్చిన మా దీవి ముసలి జాలరి పక్కనే ఉండి పకపకా నవ్వాడు. "వీడికి భయమా? తుఫానులో మేమంతా పడవలు కట్టేసుకుంటే, మా అన్నని వెతకడానికి ఒక్కడే సముద్రంలోకి పోయాడయ్యా!"

"నోరుమూసుకుని తిను," అన్నాడు బాబాయి.

తిరుగు ఓడలో ఒడీల్ పాటలు పాడుతోంది. ఇక భయపడే పని లేక బాబాయి గురక పెడుతున్నాడు. ఇంతలో ఓ పెద్ద అల ఓడని ఎత్తి కుదేసింది. నా ముఖం ఎలా మారిందో ఏమో, బాబాయి ఒక కన్ను తెరిచి నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత గబుక్కున లేచి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మో, మునిగిపోతున్నాం! నాయనా, కాస్త ధైర్యం చెప్పరా!"