మా పెద్దమ్మ సవతి పేరు హెలికాప్టర్

మా చిన్నప్పుడు... ఊళ్ళో అందరి సావిళ్ళలో గేదెలుండేవి, మా సావిట్లో హెలికాప్టర్ ఉండేది. అవునండీ, హెలికాప్టరే. అవనిగడ్డ దగ్గర మా ఊళ్ళో, గడ్డి మోపుల వెనకాల, రెక్కల మీద కోళ్ళు పడుకుని నిద్రపోయేవి.

దాన్ని కట్టింది మా పెదనాన్న. దివిసీమ ఉప్పెనప్పుడు ఆయన పెళ్ళికాని కుర్రాడు. నీళ్ళు తగ్గని ఊళ్ళలో జనం ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటే, హెలికాప్టర్లు వచ్చి అన్నం పొట్లాలు జారవిడిచేవట. మనూరికి మనదే ఒకటుంటే ఇంకోసారి ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు అనుకున్నారాయన. పాత జీపు ఇంజను, ఇనప గొట్టాలు, చెక్కలు పోగేసి, పుస్తకాల్లో బొమ్మలు చూసి ఏళ్ళ తరబడి కట్టారు. ఎగరేసే రోజున ఊరంతా వచ్చింది. అది చలిజ్వరం వచ్చినట్టు దడదడా వణికి, నేల వదలకుండానే ఆగిపోయింది... అంతే.

ఆ తర్వాత కాపురానికొచ్చిన మా పెద్దమ్మ దాన్ని "నా సవతి" అనేది. పక్కింటి కోటేశ్వర్రావు మావయ్యైతే, పెదనాన్న సంచి పుచ్చుకుని రోడ్డెక్కితే చాలు, "ఏం బావా, అవనిగడ్డకి బస్సులోనేనా?" అనేవాడు. ఏళ్ళు గడిచినా ఆయనకది కొత్త జోకే. పెదనాన్న నవ్వేసి ఊరుకునేవారు. కానీ సావిట్లోకి మాత్రం అడుగు పెట్టేవారు కాదు.

నేను ఆరో తరగతిలో ఉండగా, సావిడి ఉన్న ఆ పొలం చెక్కని చేపల చెరువుకి తవ్వాలనుకున్నారు మా ఇంట్లో. మా చుట్టుపక్కల వరి పోయి చెరువులొస్తున్న రోజులవి. భోజనాల దగ్గర పెదనాన్న తలెత్తకుండా, "దాన్ని పాత ఇనప సామాన్ల వాడికి వేసేద్దాం. దసరా వెళ్ళాక రమ్మన్నాను" అన్నారు.

మజ్జిగ పోస్తున్న పెద్దమ్మ ఆగిపోయింది. "ఇన్నేళ్ళూ దాన్ని భరించింది నేనండీ. ఒక్కసారైనా ఎగరకుండా ఎలా పంపిస్తారు? ఈసారీ ఎగరకపోతే నేనే దగ్గరుండి బండెక్కిస్తాను."

అలా మొదలైంది. దసరాకి ఎగిరితే ఉంటుంది, లేకపోతే తూకానికి పోతుంది.

మా నాన్న గిలకలదిండిలో మరబోట్ల ఇంజన్లు బాగుచేసేవారు. ఆదివారాలు ఇంటికొచ్చినప్పుడు జీపు ఇంజను విప్పారు. లోపల ఎలకల సంసారం చూసి పెద్దమ్మ, "ఇవి నాకంటే ముందే కాపురానికొచ్చినట్టున్నాయి" అంది. నేనూ పెద్దమ్మా కొబ్బరిపీచు కిరసనాయిల్లో ముంచి తుప్పు గీకేవాళ్ళం. స్కూల్లో కూడా నా చేతులు ఆ వాసనే వేసేవి... నాకదో గొప్ప.

పెదనాన్న మొదట్లో గుమ్మం దగ్గరే నిలబడ్డారు. తర్వాత ఒక స్పానర్ అందించారు. ఆ తర్వాత మేమే ఆయనకి అందించాల్సొచ్చింది.

అసలు రోగం రెక్కల్లో ఉంది. చెక్క చెమ్మకి వంగిపోయింది. ఆయన కొత్తగా రెండు రెక్కలు చెక్కి, కలిపి, కావిడిలా మధ్యలో తాడేసి దూలానికి వేలాడదీశారు. ఒక పక్కకి వాలింది. తేలిగ్గా ఉన్న పక్కకి ఓ పూత వార్నిష్... ఆరాక మళ్ళీ చూడటం... మళ్ళీ పూత. ఒక సాయంత్రం అది ఎటూ వాలకుండా నిలబడింది. అప్పుడు చూడాలి పెదనాన్న మొహం... ఆయన అంత సంతోషంగా ఉండగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆయుధపూజ రోజు దాన్ని కళ్ళంలోకి లాక్కొచ్చాం. ఎగిరితే ఎటో పోకుండా నాన్న బోటు మోకులు తెచ్చి, కాస్త వదులుంచి, గేదెని కట్టినట్టు నాలుగు గుంజలకి కట్టారు. పెద్దమ్మ పసుపు, కుంకుమ పెట్టి నిమ్మకాయలు తీసింది. చక్రాల కింద పెట్టాలి కదా... దీనికి చక్రాలెక్కడివి? నేలకి ఆనిన రెండు ఇనప గొట్టాలే కాళ్ళు. వాటి కిందకి దూర్చలేక, "పైకెళ్ళి దిగితే అదే తొక్కుతుందిలే" అని గొట్టాల పక్కనే పెట్టింది.

పెదనాన్న ఎక్కి కూర్చున్నారు. ఇంజను అందుకుంది. రెక్కలు జోరందుకునేసరికి కోటేశ్వర్రావు మావయ్య గడ్డివామి సగం లేచి మా మీద పడింది. దుమ్ము, గడ్డి... అందరం కళ్ళు మూసేసుకున్నాం. మోకులు బిగుసుకున్న చప్పుడు మాత్రం విన్నాను. కళ్ళు తెరిచేసరికి అది నేల మీదే ఉంది.

"ఊగిందంతే బావా, లేవలేదు" అన్నాడు మావయ్య, మీసంలో గడ్డి దులుపుకుంటూ.

నిజానికి ఎవరూ చూడలేదు. పెదనాన్న కూడా కళ్ళు నులుముకుంటూ, "లేచినట్టే అనిపించింది... ఏమో" అన్నారు. ఆ "ఏమో" వినగానే నాకు ఏడుపొచ్చింది.

పెద్దమ్మ వంగి చూసింది. పక్కన పెట్టిన నిమ్మకాయల్లో ఒకటి గొట్టం కింద ఉంది. పూర్తిగా చితికిపోయి, రసం మట్టిలోకి కారుతోంది.

"పక్కకి జరిగితే కాయ దొర్లిపోవాలి కదా అన్నయ్యా... ఇది పైకి లేవకుండా కాయ కిందకెలా వెళ్ళింది?"

మావయ్య గొంతుక్కూర్చుని చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి పెదనాన్నని గట్టిగా వాటేసుకుని, "జానెడు లేచింది బావా" అన్నాడు.

పెద్దమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నేను ఆ తర్వాత ర్యాంకులు తెచ్చుకున్నాను, ఉద్యోగం తెచ్చుకున్నాను... కళ్ళంలో ఆ రోజు కలిగినంత గర్వం మళ్ళీ కలగలేదు.

ఇనప సామాన్ల వాడు ఖాళీ బండితో వెళ్ళాడు. ఎస్సైగారు వచ్చి, కాఫీ తాగి, మళ్ళీ ఎగరేయొద్దండీ అని మర్యాదగా చెప్పారు. ఎగరేయలేదు. దాన్ని మా పెరట్లో రేకుల కిందకి మార్చాం.

కానీ అది ఎగరడం ఆపలేదు. మరుసటి ఏడాదికి కోటేశ్వర్రావు మావయ్య నోట ఆ జానెడు మూరెడైంది. నా టెన్త్ అయ్యేసరికి నిలువెత్తు. మొన్న ఊరెళ్తే, అప్పటికి పుట్టనైనా పుట్టని ఒక కుర్రాడు, "మీ పెదనాన్నగారు తాడిచెట్టు దాటించారంట కదండీ?" అన్నాడు. మోకుల సంగతి ఊరు ఎప్పుడో మర్చిపోయింది.

"అవును నాన్నా, దాటించారు" అన్నాను.

ఆ రోజు కళ్ళంలో ఒక్కరి దగ్గరా కెమెరా లేదు. ఇప్పుడైతే ఊళ్ళో ఫోన్లన్నీ పైకి లేచేవి... మా జానెడు జన్మంతా జానెడుగానే ఉండిపోయేది.

మీ ఊళ్ళో కూడా ఇలా ఏడాదికేడాది ఎదిగిందేదైనా ఉంటే చెప్పండి... నేను కొలవను.