పాప కాలి గురించి నేను చెప్పిన అబద్ధం

ఒక అబద్ధం ఆడాను. ఏడేళ్ళయింది. అన్నం తింటున్నా, బట్టలు ఆరేస్తున్నా అది గొంతులోనే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే ఈ కాగితం మీద మీకు రాస్తున్నాను.

మా ఆయన సినిమా లైట్ల యూనిట్‌లో పనివాడు. కృష్ణానగర్‌లో రెండు గదుల్లో కాపురం. మా పాప బొద్దుగా, ఎవరెత్తుకున్నా ఏడవకుండా ఉండేది. మూడో నెలలో జూబ్లీహిల్స్ బంగళాలో తీస్తున్న ఒక సినిమాకి అడిగారు. బారసాల సీను, జమీందారు గారి మనవడి వేషం. ఆడపిల్లయితేనేం, ఉయ్యాల్లో ఎవరికి తెలుస్తుంది? సరిగ్గా ఆ వారమే మా వీధి బడి వరండాలో టీకాలు. తొడకి సూది, నోట్లో పోలియో చుక్కలు. సూది వేస్తే జ్వరం వస్తుంది, పిల్ల మొహం వాడిపోతుంది. ముందురోజు తీసిన సీనుకీ మర్నాటి సీనుకీ మొహం కలవకపోతే పిల్లనే మార్చేస్తారు. వచ్చే నెల వేయిద్దాంలే అనుకున్నాను. వచ్చే నెల ఇంకో సినిమా వచ్చింది. ఆ తర్వాత మరొకటి. డబ్బుకి ఆశపడ్డానా అంటే లేదు. నా బిడ్డ మొహం తెరంతా కనిపించాలి, అంతే. ఆ ఆశకి ఏం పేరు పెట్టుకోను?

పదో నెలలో పాపకి జ్వరం వచ్చింది. నాలుగో రోజుకి తగ్గింది. కానీ ఎడమ కాలు ఎత్తితే గుడ్డపీలికలా జారిపోయేది.

ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు, చుక్కలు వేయించారా అని. పక్కన మా అత్తగారు, మా ఆయన. టీకాలు వాయిదా వేసిన సంగతి వాళ్ళకి తెలియదు. షూటింగుల వెంట తిప్పి బిడ్డ కాలు పోగొట్టిందంటారు, నలుగురూ అదే అంటారు. నోరు దానంతటదే కదిలింది. "వేయించానండి. సూది కూడా పొడిచారు. ఆ తర్వాతే ఇలా అయింది."

అక్కడితో ఆగితే బాగుండేది. నాకు కథలు చెప్పడం వచ్చు. మా వీధి ఆడవాళ్ళు పనులు తెముల్చుకుని నా గడప దగ్గరే కూర్చునేవారు. నర్సు చీర రంగు చెప్పాను, మంచు డబ్బా చెప్పాను, సూది దిగగానే పాప ఎలా నీలంగా మారిందో చెప్పాను. ఏదీ జరగలేదు. చెప్పిన ప్రతిసారీ ఏడుపు మాత్రం నిజంగానే వచ్చేది. అది ఎవరి కోసం ఏడ్చిన ఏడుపు?

పక్కింటి మల్లమ్మ గుంపు సీన్లకి వెళ్ళేది. ఒకరోజు చంటివాణ్ణి చంకనేసుకుని వచ్చింది.

"అక్కా, రేపు మా శీనుగానికి సూదంట, చుక్కలంట. నర్సమ్మ రెండుసార్లు చెప్పి పోయింది. ఏపియ్యాల్నా, వద్దా? జర నిజం చెప్పు."

"నా పాపని చూస్తూ కూడా అడుగుతావేంటి మల్లమ్మా?"

"గంతే గదా! ఆమెకేంది, పొడిచి పోతది. మోసేది మనం."

శీనుగాడికి రెండేళ్ళు నిండకుండానే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. మల్లమ్మ నా దగ్గరకే వచ్చి ఏడ్చింది. "నువ్వు చెప్పబట్టి సూదన్న తప్పించిన. ఏపిస్తే పానమే పోతుండెనేమో అక్కా" అని నా చేతులు పట్టుకుంది. అప్పుడైనా చెప్పానా? లేదు. ఆ చేతులు వదిలించుకోను కూడా లేదు.

ఇప్పుడు మల్లమ్మకి ఇంకో పిల్ల. ఏడాది నిండింది. ప్రతి గల్లీలో పోలియో చుక్కలు వేస్తున్నారు, సూది కూడా లేదు, చుక్కలే. కిందటిసారి వచ్చినవాళ్ళకి మా వీధిలో సగం తలుపులు తెరుచుకోలేదు. ఎందుకని అడిగితే కడ్డీల బూటు వేసుకుని నడుస్తున్న మా పాపని చూపించారు. నేను మల్లమ్మ దగ్గరికి పరుగెత్తాను. వేయించు మల్లమ్మా, ఏమీ కాదని బతిమాలాను.

"నీకేమన్న పిచ్చి లేసిందా అక్కా? నీ బిడ్డ కాలు నేను రోజు చూస్తలేనా?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. తల వంచుకుని వచ్చేశాను. అప్పటి నుంచి గోడ అవతల ఆ పిల్ల ఏడిస్తే చాలు, జ్వరమేమోనని గోడకి చెవి ఆనించి వింటాను. ఆ చిన్నదాని కాళ్ళకి కూడా నేనే కారణం కావాలా?

వచ్చే ఆదివారం మళ్ళీ వేస్తారట. మల్లమ్మకి చదువు రాదు. ఈ కాగితం నేనే చదివి వినిపించాలి. వింటే ఆమె నన్ను కొడుతుందో, వీధిలోకి ఈడుస్తుందో. శీనుగాడి కాళ్ళకి బదులుగా ఏం చేసినా తక్కువే. చదవగలనా? తెలియదు. ఇంట్లో ఎవరూ లేకుండా చూసి, ఇందాక తలుపు వేసుకుని, ఒక్క వాక్యం పైకి అన్నాను. మా పాపకి చుక్కలు వేయించలేదు. ఏడేళ్ళలో మొదటిసారి నా గొంతులో నిజం విన్నాను. ఇంకోసారి అన్నాను.