దర్జీ ముడి

కళ్లు మసకబారాక దర్జీ కుట్టుమిషను మీద గుడ్డ కప్పేశాడు. ఒకప్పుడు వీధిలో సగం మంది భుజాల కొలతలు ఆయన నాలుక మీదే ఉండేవి. ఇప్పుడు గోడకు జారగిలబడి కూర్చుంటాడు. కోళ్లు పెంచే భార్యకు అది చూడబుద్ధి కాలేదు. కోడిపిల్లలు వచ్చిన పొద్దున, "వీటికి వెచ్చగా ఉండేలా వేడి దీపం కట్టే పని మీదే," అంది.

పక్కింటి ఎలక్ట్రీషియను దీపం తెచ్చిచ్చాడు.

"గొలుసుతో కట్టు బాబాయ్. ఒకటి తెగినా ఇంకోటి ఆపేలా రెండు కట్టు. బల్బు ముందున్న ఇనుప వల తియ్యకు. కింద పరిచింది ఊక అనుకునేవు, అగ్గిపెట్టె అనుకో."

"నాకు కట్టడం నేర్పుతావట్రా? నీ పెళ్లి ప్యాంటు ఇప్పటికీ నీ నడుం మీద నిలబడిందంటే ఎవరి చలవ?"

"నీ ముడికి వంక పెట్టట్లేదు బాబాయ్..."

"మరి వెళ్లు."

గొలుసు ఆయన చేతికి మోటుగా తగిలింది. పక్కన పడేశాడు. తన పెట్టెలోంచి నైలాన్ తాడు తీసి, తడుముకుంటూ మూడు పేటలు వేసి బిగించాడు. ముడి ముచ్చటగా కుదిరింది.

భార్య వంగి కోడిపిల్లల్ని చూసింది. "చలేస్తే దీపం కింద ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. వేడెక్కువైతే గోడలకు పోతాయి. ఇవి హాయిగా తిరుగుతున్నాయి. బాగా కట్టారండీ."

ఆ మాట ఆయన రోజంతా నెమరేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం, జోరువానలో, భార్య కేక వేసింది. ముడి ఊడలేదు. ముడి కింద తాడు దీపం వేడికి కరిగిపోయింది. దీపం ఊకలో పడి పొగ లేచింది. ఆమె స్విచ్చి ఆపి బకెట్ నీళ్లు కుమ్మరించింది. మంట లేవలేదు. బల్బు పగిలింది. పిల్లలు తడిసి ముద్దయ్యాయి.

బజారుకు ఫోను చేస్తే, వాన తగ్గాక బల్బు పంపిస్తానన్నాడు కొట్టువాడు. ఎలక్ట్రీషియను ఏదో పనిమీద పక్క ఊరు వెళ్లాడు. దర్జీ తన గుడ్డముక్కల మూట మొత్తం విప్పి ఇచ్చాడు. ఆమె ఒక్కో పిల్లనూ తుడిచింది, వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి మధ్యలో పెట్టింది. సీసాలు చల్లారుతూనే ఉన్నాయి, ఆమె నీళ్లు కాస్తూనే ఉంది. ఆయన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

బాగా నీరసించిన పిల్లను ఆయన చొక్కాలో పెట్టి గుండీలు వేసింది.

వాన తగ్గలేదు.

"వణుకుతోందా అండీ?" వంటింట్లోంచి అడిగింది.

"ఇందాక వణికింది. ఇప్పుడు లేదు."

"వెచ్చబడిందేమోలెండి."

ఆయన చొక్కాలోకి చూసుకున్నాడు. పసుపురంగు మసక. అంతకుమించి కళ్లకు ఆనలేదు. ఒకసారి వచ్చి చూడవే అనబోయి, ఆగిపోయాడు. గుండీ విప్పలేదు. అరచెయ్యి దానిమీద ఆనించి, అలాగే కూర్చున్నాడు.